గుడ్డలోకి ఇంకని పెయింటు నీటిని ఆపదు

ప్రశ్న: నేను కోనసీమలో ఒక కళాశాలలో పనిచేస్తున్నాను. వేసవి సెలవుల్లో మెరైన్ ప్లైవుడ్ అడ్డపలకలకు టేకు బద్దలు కట్టి 15 అడుగుల కయాక్ (తెడ్డుతో నడిపే, పైభాగం మూసి ఉండే సన్నని పడవ) చట్రం తయారు చేశాను. టెంట్లు కుట్టే దుకాణంలో మందపాటి సింథటిక్ గుడ్డ కొని, చట్రం మీద బిగలాగి, పైభాగం నడిమిన చేత్తో కుట్టాను. శ్రావణమాసంలో ఎనామిల్ పెయింటు రెండు పూతలు దట్టంగా పూశాను. మూడు వారాలైనా పైభాగం చేతికి అంటుకుంటూనే ఉంది. కాలువలో దింపితే అరగంటలో అర బకెట్టు నీళ్లు చేరాయి. ఎండలో బిగువుగా ఉన్న గుడ్డ నీటిలో దిగాక ముడతలు పడింది. మూడో పూత వేయాలా? నాగార్జునసాగర్‌లో ఉండే మా బావగారు పుట్టికి పూసినట్టు తారు పూయమంటున్నారు. హార్డ్‌వేర్ దుకాణంలో సిలికాన్‌తో కుట్టు మూసేయమన్నారు. గుడ్డ మీటరున్నర పీలిక మిగిలి ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మూడో పూత వేయకండి. తారు జోలికి వెళ్లకండి. సిలికాన్ ట్యూబు ఇప్పటికే కొని ఉంటే మూత తీయకుండా దుకాణంలో తిరిగి ఇచ్చేయండి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే నీళ్లు రావడానికి కారణం పెయింటు తక్కువ కావడం కాదు. పూసిన పెయింటు గుడ్డలోకి ఇంకకుండా దాని మీద మీగడలాగా నిలిచిపోవడమని నాకు అనిపిస్తున్నది. ఆ లోపం అలాగే ఉంటే పైన మూడు కాదు, ఆరు పూతలు వేసినా పడవ బరువెక్కుతుందే తప్ప నీరు ఆగదు.

ఎంత దట్టంగా నేసిన గుడ్డలోనైనా పడుగు దారం పేక దారాన్ని దాటే ప్రతిచోటా ఒక సన్నని సందు ఉంటుంది. పెయింటు చేయవలసిన పని ఆ సందును పూడ్చడం, దారాన్ని చుట్టూ పట్టుకోవడం. కయాక్ గుడ్డ గోడలాగా కదలకుండా ఉండేది కాదు. మీరు తెడ్డు వేసిన ప్రతిసారీ, అల తగిలిన ప్రతిసారీ, ఒడ్డున ఇసుక మీద ఆనిన ప్రతిసారీ బద్దల మధ్య గుడ్డ లోపలికీ బయటికీ కదులుతుంది. దారాలను పట్టుకున్న పెయింటు దానితోపాటే కదులుతుంది. పైన పొరలాగా ఉన్నది ఏదో ఒక అంచున లేస్తుంది. అక్కడ దూరిన నీరు పొరకూ గుడ్డకూ మధ్యగా పాకి, కుట్టు సూది రంధ్రం దొరికిన చోట లోపలికి దిగుతుంది. అందువల్ల నీళ్లు కనిపించిన చోటే చిల్లు ఉందని అనుకోవడం పొరపాటు.

ముందుగా ఆ మిగిలిన పీలికను బయటికి తీయండి. నాలుగైదు చిన్న పరీక్షలకు అది సరిపోతుంది. మొదటిది నీటి బొట్టు. పీలికను బల్ల మీద పరిచి, రెండు వైపులా ఒక్కొక్క బొట్టు నీళ్లు వేసి పది నిమిషాలు చూడండి. తామరాకు మీద నీటిలాగా బొట్టు గుండ్రంగా నిలిచి, వంచగానే జారిపోతే ఆ గుడ్డకు మిల్లులోనే నీరు అంటకుండా ఏదో మందు పట్టించారని అర్థం. టెంట్ల గుడ్డకు ఇది మామూలే. నీటిని దూరంగా తోసేది చాలాసార్లు పెయింటునూ తోస్తుంది. రెండో పరీక్ష పడవ మీదే. ఎండిన చోట బ్లేడుతో పెయింటు వరకే, గుడ్డ తెగకుండా, గళ్లగళ్లుగా నాలుగైదు గీతలు గీసి, వాటి మీద గట్టి టేపు అంటించి ఒక్క ఊపున లాగండి. టేపుతోపాటు పెయింటు పెచ్చులుగా వచ్చేస్తే, నేను ఊహించినది నిజమని మీ కళ్లతోనే చూసినట్టు అవుతుంది.

మూడోది, గుడ్డ నైలానా పాలిస్టరా అన్నది తేల్చే పరీక్ష. దుకాణంలో సింథటిక్ అని మాత్రమే చెప్పి పంపిస్తారు. కయాక్‌కు ఆ ఒక్క మాట చాలదు. మీటరు పైచిలుకు పొడవున సన్నని పీలిక కత్తిరించి, ఎండలో బాగా ఆరనిచ్చి, సరిగ్గా మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టండి. గంటన్నరసేపు నీళ్లలో నానబెట్టి, లాగకుండా బల్ల మీద పరిచి మళ్లీ కొలవండి. గుర్తుల మధ్య దూరం కంటికి కనిపించేంత పెరిగితే అది నైలాను. ఏమీ మారకపోతే పాలిస్టరు. నిప్పు అంటించి వాసన చూసే పద్ధతి కూడా ఉంది కానీ, రంగులూ పూతలూ ఉన్న గుడ్డల విషయంలో అది మోసం చేస్తుంది. కరిగిన బొట్టు చేతి మీద పడితే చర్మాన్ని వదలదు. కొలబద్ద చాలు.

ఎండలో బిగువుగా ఉండి నీటిలో వదులయిందని మీరు రాసిన వాక్యం చదవగానే ఇది నైలాను అని నాకు అనుమానం వచ్చింది. మామూలు తేమ ఉన్న గాలిలో నైలాను తన బరువులో సుమారు 4 శాతం నీటిని పీల్చుకుంటుంది. పాలిస్టరు పీల్చేది అర శాతం కూడా ఉండదు. పీల్చుకున్న నైలాను సాగుతుంది. ముసురు పట్టిన రోజున డప్పు మోగకపోవడం, చితుకుల మంట మీద కాచగానే ఖంగుమనడం చూసినవారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. నైలాను చెడ్డదని కాదు; రాయి తగిలినా, మోడు గుచ్చుకున్నా సాగి తట్టుకోవడంలో పాలిస్టరు కంటే అదే మిన్న. అయితే తొడిగేటప్పుడే తడిపి, తడిగా ఉండగానే శక్తికొద్దీ బిగలాగి కుట్టాలి. అప్పుడు ఆరిన కొద్దీ బిగుస్తుంది, నీటిలో దిగినా పూర్తిగా వదులుకాదు. మీరు పొడిగా తొడిగి ఉంటారు. ముడతలు అందుకే వచ్చాయి. అవి చూపుకు లోపమే కానీ పడవను ముంచవు.

ఇక పైభాగం జిగురు సంగతి. ఎనామిల్ పెయింటు రెండు దశల్లో ఆరుతుంది. మొదట అందులోని ద్రావకం ఆవిరైపోతుంది. తరువాత నూనె భాగం గాలిలోని ప్రాణవాయువును తీసుకొని నెమ్మదిగా గట్టిపడుతుంది. దట్టంగా పూస్తే పైన చర్మం కట్టి, లోపలి పెయింటుకు గాలి అందదు. శ్రావణంలో, గాలిలో తేమ నిండుగా ఉన్న రోజుల్లో, మొదటి పూత ఆరకముందే రెండోది దట్టంగా పడితే మూడు వారాలేమిటి, మూడు నెలలైనా బొటనవేలు ఒత్తి తిప్పితే ముద్ర పడుతూనే ఉంటుంది. దాని మీద మరో పూత వేయడమంటే అడుగున ఉన్నదాన్ని శాశ్వతంగా పచ్చిగా ఉంచడమే.

పరీక్షల ఫలితాన్ని బట్టి మీకు రెండు దారులు ఉన్నాయి. టేపుకు పెయింటు రాకుండా, బొట్టు నెమ్మదిగానైనా గుడ్డలోకి ఇంకితే పాత తొడుగునే కాపాడుకోవచ్చు. పడవను గాలి ఆడే నీడలో నెలరోజులు తలకిందులుగా ఉంచండి. అప్పటికీ మెత్తగా ఉన్నచోట ప్లాస్టిక్ పలకతో గీకి, టర్పెంటైన్‌తో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, రెండు రోజులు ఆరబెట్టి, 220 నంబరు ఉప్పు కాగితంతో మెరుపు పోయేవరకు మాత్రమే తేలికగా రుద్దండి. బద్దల మీదుగా గుడ్డ మెలిక తిరిగే చోట రుద్దకండి, అక్కడ దారాలు తెగుతాయి. పెయింటు ఊడగొట్టే ఘాటైన రసాయనాలు వాడకండి. వాటిలో కొన్నిటికి నైలాను కూడా కరుగుతుంది. అలా కాక, టేపుతో పెచ్చులు వచ్చి, బొట్టు తామరాకు మీద నీరులా జారితే తొడుగు విప్పి కొత్తది వేయడమే మేలని నా అభిప్రాయం. రెండు నెలల పనికి ఇది చేదుగా వినిపిస్తుందని తెలుసు. కానీ కయాక్‌లో విలువైనది చట్రం. మీ చేతి పని అంతా అక్కడే ఉంది. గుడ్డ ఎలాగూ కొన్నేళ్లకొకసారి మార్చవలసినదే. ఆర్కిటిక్ తీరాల ఇన్యుయిట్లు కూడా సీల్ అనే సముద్ర జంతువు చర్మంతో చేసిన తొడుగును తరచూ మార్చి, చట్రాన్ని మాత్రం పదిలంగా ఉంచుకునేవారు.

కొత్త తొడుగుకు మీకు పాలిస్టరునే సూచిస్తాను. దట్టమైన సాదా నేత, చదరపు మీటరుకు 270 నుంచి 400 గ్రాముల బరువు, ఏ పూతా లేనిది అడగండి. బొట్టు పరీక్ష దుకాణంలోనే చేయండి. మంచినీళ్ల సీసా పట్టుకెళ్తే చాలు. ఇంటికి తెచ్చాక బట్టల సబ్బు పొడితో ఒకసారి ఉతికి ఆరవేయండి, మగ్గం మీద పట్టిన నూనె, గంజి పోతాయి. పాలిస్టరును పొడిగానే తొడిగి, చేతికి వచ్చినంత బిగువుతో కుట్టి, ఆ తరువాత ఇస్త్రీ పెట్టెతో బిగించాలి. డప్పును కాచడం ఇక్కడ నిజంగానే జరుగుతుంది: వేడికి పాలిస్టరు ముడుచుకొని, చల్లారాక అదే బిగువులో నిలిచిపోతుంది. తేలికపాటి విమానాల రెక్కలకు ఈ గుడ్డ తొడిగేవారు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెట్టి 175 దగ్గర ఆపుతారు. పాలిస్టరు కరిగేది 250 డిగ్రీల పైన అయినా అంతవరకు వెళ్లే లోపలే దాని బిగువు చచ్చిపోతుంది. ఇస్త్రీ పెట్టెను సింథటిక్ గుర్తు దగ్గర పెట్టి, ముందు ముక్క మీద ప్రయత్నించి, కుడివైపు ఒక గడి, ఎడమవైపు ఒక గడిగా మార్చి మార్చి నడపండి. ఒకవైపంతా పూర్తిచేసి రెండోవైపుకు వెళ్తే పడవ అడుగు కర్ర ఆ వైపుకు వంగిపోతుంది, తరువాత అది తిన్నగా ఈదదు. ఇదంతా పెయింటుకు ముందే ముగియాలి.

ఇప్పుడు మొదటి పూత. మొత్తం పనిలో మీ శ్రద్ధ సగం ఇక్కడే పెట్టండి. పాలిస్టరు దారం దేన్నీ పీల్చుకోదు కనుక పెయింటు దానంతట అది లోపలికి వెళ్లదు, మీరు పంపించాలి. ఎనామిల్‌లో ఆరో వంతు టర్పెంటైన్ కలిపి పలుచన చేసి, పొట్టి కుచ్చు ఉన్న గట్టి బ్రష్షుతో, గోడకు సున్నం వేసినట్టు పైపైన లాగకుండా, పళ్లు తోమినట్టు గుండ్రంగా రుద్దుతూ పట్టించండి. రెండు అడుగుల మేర పూర్తి కాగానే కూర్చునే రంధ్రంలోంచి టార్చిలైటు వేసి లోపలివైపు చూడండి. గుడ్డ ఒకే తీరుగా చెమ్మగా, ముదురు రంగులో కనిపించాలి. తెల్లగా పొడిగా మచ్చలు ఉంటే అక్కడ ఇంకా రుద్దాలి. లోపల బొట్లు కట్టి బద్దల మీదుగా కారుతూ ఉంటే టర్పెంటైన్ ఎక్కువైంది, చిక్కన చేయండి. పూర్తయ్యాక రబ్బరు పలకతో పైన మిగిలిన పెయింటును లాగేసి డబ్బాలో వేసుకోండి. నేత గళ్లు కంటికి స్పష్టంగా కనిపిస్తూ ఉండాలి. చూడడానికి అది పెయింటు వేసినట్టే ఉండదు, ఇంట్లోవాళ్లు ఇంతేనా అని అడుగుతారు. అంతే.

రెండో పూతను ఏమీ కలపకుండా పలుచగా వేయండి. డబ్బా మీద 8 గంటల తరువాత రెండో పూత అని రాసి ఉన్నా మన తీరంలో 24 గంటలకు తక్కువ ఇవ్వకండి. అడుగుభాగానికి మూడు పూతలు, పైభాగానికి రెండు చాలు. అడుగు, పైభాగం కలిపి మీ పడవ మీద సుమారు 5 చదరపు మీటర్ల గుడ్డ ఉంటుంది. మొదటి పూతకు లీటరుకు కాస్త తక్కువ, తరువాతి వాటికి అర లీటరు చొప్పున మొత్తం రెండు లీటర్లకు మించి ఖర్చు కాకూడదు. ద్రావకం పోయాక గుడ్డ మీద మిగిలే బరువు కిలోన్నర లోపే ఉంటుంది. నాలుగు లీటర్లు పట్టిందని ఎవరైనా గొప్పగా చెప్తే, ఆయన రెండు లీటర్లు ఊరికే మోస్తున్నారని లెక్క.

కుట్టు సంగతికి కొంచెం చోటు ఇవ్వాలి, ఎందుకంటే అరబకెట్టు నీళ్లలో పెద్ద పాలు అక్కడిదే అయి ఉంటుంది. గ్రీన్‌లాండ్, అలాస్కా తీరాల్లో కయాక్ తొడుగులు కుట్టినవారు ఆడవాళ్లు. వాళ్ల నేర్పు ఏమిటంటే, సూదిని చర్మం మందంలో సగం వరకే పోనిచ్చి, రెండో వైపుకు రంధ్రం పడకుండా, అంచు మీద అంచు మడిచి రెండు వరుసల్లో కుట్టడం. దారం కూడా జంతువుల స్నాయువు నారలతో పేనినది కనుక తడవగానే ఉబ్బి, సూది రంధ్రాన్ని తానే మూసేది. పైన సీల్ కొవ్వు పట్టించేవారు. మన సింథటిక్ గుడ్డ అంత మందం లేదు, మన దారం ఉబ్బదు. కాబట్టి ఆ రంధ్రాలను మనమే మూయాలి. మైనం తక్కువగా పట్టించిన పాలిస్టరు దారం వాడండి. మైనం ఎక్కువైతే పెయింటు దారాన్ని పట్టుకోదు. మొదటి పూత పచ్చిగా ఉండగానే కుట్టు పొడవునా వేలితో ఒత్తుతూ మరోసారి పెయింటు దట్టించండి. అది ఆరాక, రెండు అంగుళాల వెడల్పున అదే గుడ్డ పట్టీని, అంచులు ఇస్త్రీతో మడిచి, పెయింటునే జిగురుగా వాడి కుట్టు మీద అంటించి, దాని మీద తక్కిన పూతలు వేయండి. ఇంకా గట్టిగా కావాలంటే పట్టీ కింద సందులు మూసే పాలీయురిథేన్ జిగురు (సీలెంట్) సన్నగా రాయవచ్చు. పెయింటు వేయవచ్చని ట్యూబు మీద రాసి ఉన్నది చూసి కొనండి.

సిలికాన్‌ను ఎందుకు వద్దన్నానో నా అనుభవమే చెప్తాను. నా మొదటి పడవకు నేను చేసిన పని సరిగ్గా అదే. స్నానాల గదికి వాడే సిలికాన్‌ను కుట్టు పొడవునా రాసి, చక్కగా నునుపు చేసి, చాలా సంతోషించాను. మరునాడు పెయింటు వేస్తే దాని మీద ఎక్కడికక్కడ విడిపోయి చుక్కలు చుక్కలుగా నిలిచింది. గీకి తీసేశాను. తీసిన తరువాత కూడా ఆ చోట పెయింటు పట్టలేదు, ఎందుకంటే కంటికి కనిపించని సిలికాన్ నూనె గుడ్డలో మిగిలిపోయింది. ఆర్నెల్లలో పట్టీ అంచు లేచింది. చివరికి కుట్టు దగ్గర నాలుగు అంగుళాల గుడ్డ కోసి మాటు వేయవలసి వచ్చింది. సిలికాన్ మంచి వస్తువే, దాని మీద ఇంకేదీ నిలవకూడదని అనుకున్న చోట.

మీ బావగారి తారు సలహా తేలికగా కొట్టిపారేయదగినది కాదు. వెదురు బద్దల బుట్టకు ఒకప్పుడు గేదె తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూసిన పుట్టి, మీ కయాక్‌కు దగ్గరి బంధువే. ఐర్లండ్ పశ్చిమ తీరంలో కర్రా అనే పడవలకు కూడా తోలు పోయి కాన్వాసు వచ్చాక తారే పూస్తూ వచ్చారు. కానీ పుట్టి యజమాని అది బరువుగా ఉన్నదని బాధపడడు, బట్టలకు అంటుతుందని చూడడు, ఏటేటా మళ్లీ పూస్తాడు. ఐర్లండ్ ఎండ వేరు, కోనసీమ ఎండ వేరు. నల్లని తారు మన వైశాఖపు ఎండలో మెత్తబడి, చేతికీ తెడ్డుకూ అంటుకొని, పడవను నేల మీద పెడితే ఇసుకను పట్టుకుంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, ఒకసారి తారు పూశాక వెనక్కి రాలేము: దాని మీద వేసిన ఎనామిల్ గోధుమ రంగు మరకలతో నెర్రెలు విచ్చుతుంది. మీరు పుట్టి కడితే తారు పూయండి, కయాక్‌కు వద్దు.

నైలాను తొడుగునే ఉంచుకోవాలని మీరు నిశ్చయించుకుంటే, దానితోపాటు సాగగల పూత కావాలి. ఎనామిల్ సంవత్సరాలు గడిచేకొద్దీ పెళుసెక్కి నెర్రెలిస్తుంది. అమెరికాలో నైలాను కయాక్‌లు కట్టేవారు చాలామంది గట్టిపరిచే మందు (హార్డెనర్) విడిగా కలిపే రెండు డబ్బాల పాలీయురిథేన్ పూతను వాడతారు. సాగే గుణం ఉన్న రకమే అడగండి. కార్లకూ బల్లలకూ వేసేది గట్టి రకం. సాగే రకం అద్భుతమైన పూతే కానీ రెండు షరతులు ఉన్నాయి. హార్డెనర్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనం తేమతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, పూత నిండా సన్నని బుడగలు వస్తాయి. ఒక్కొక్క బుడగ ఒక్కొక్క చిల్లు. కనుక వానాకాలంలో దాన్ని ముట్టకండి. అంతకంటే ముఖ్యమైనది, ఆ ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు పడదు; ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఉబ్బసం జీవితాంతం ఉండిపోవచ్చు. స్ప్రే చేయకండి, ఆరుబయట, బ్రష్షుతో లేదా రోలరుతోనే, చేతికి నైట్రైల్ తొడుగులు, ముఖానికి రసాయనాల ఆవిరిని ఆపే గుళికలున్న మాస్కు పెట్టుకొని చేయండి. ధూళికి పెట్టుకునే గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఈ దారి వదిలేయమని చెప్తాను.

రెండు భాగాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురు గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు మీకు తప్పక చెప్తారు. అది గట్టి చెక్క మీద బాగుంటుంది. కదిలే గుడ్డ మీద పగులుతుంది. మేడ మీద కప్పుకు పూసే వాటర్‌ప్రూఫ్ పూత సాగుతుంది గానీ మెత్తన, బరువు. ఒడ్డున రెండుసార్లు ఈడ్చితే పోతుంది. నూలు కాన్వాసు మాత్రం గౌరవించదగినదే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 19వ శతాబ్ది చివరి దశకాల నుంచి చెక్క పడవలకు కాన్వాసు తొడిగి, అవిసె నూనెలో మెత్తని పొడి కలిపిన లేపనాన్ని నేతలోకి చేత్తో రుద్ది, వారాల తరబడి ఆరనిచ్చి, ఆ తరువాతే పెయింటు వేస్తూ వచ్చారు. వాళ్ల ఓపికలోనూ కిటుకు అదే, ముందు నేత నిండాలి. మన తేమలో మాత్రం నూలుకు బూజు పట్టి లోపలినుంచి చివుకుతుంది. అవిసె నూనె వాడితే ఇంకో జాగ్రత్త: తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి, అవి వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విప్పి ఆరవేయండి.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మీ ప్రాంతంలో పెద్ద ప్రశ్న. ఆశ్వయుజ, కార్తీకాలు మీకు వానల, తుఫానుల కాలం. సంక్రాంతి దాటాక, పొద్దుటి మంచు ఆరిన తరువాత, తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికి బ్రష్షు కడిగేయండి. సాయంత్రం పూస్తే రాత్రి మంచు పచ్చి పూత మీద పడి మెరుపును చంపుతుంది. ఎండలో కూడా పూయకండి. పందిరి వేయండి. ఎండకు గుడ్డలోని గాలి వేడెక్కి వ్యాకోచించి, అప్పుడే చర్మం కడుతున్న పూతను పొడుచుకొని బయటికి వస్తుంది. రంగు మీ ఇష్టం, కానీ కాలువల్లో ఇంజను పడవలు తిరుగుతాయి కనుక పసుపో నారింజో దూరం నుంచి కనిపిస్తుంది, పైగా వేడి తక్కువ పట్టుతుంది.

చివరి పూత వేసిన రెండు వారాల తరువాత చీకటి పడ్డాక పడవలో వెలిగించిన టార్చిలైటు పెట్టి, బయటినుంచి అంగుళం అంగుళం చూడండి. సూది మొనంత వెలుతురు కనిపించిన ప్రతిచోటా సుద్దముక్కతో చుట్టండి. మరునాడు పడవను రెండు బల్లల మీద మెత్తలు వేసి నిలిపి, లోపల ఒక్క బకెట్టు నీళ్లు పోసి, ముందుకూ వెనక్కూ పక్కలకూ నెమ్మదిగా వంచుతూ బయట ఎక్కడ చెమ్మ వస్తుందో చూడండి. నీటిలో కూర్చొని వెతకడం కంటే ఇలా వెతకడం పదింతలు తేలిక, ఎందుకంటే ఇప్పుడు నీరు బయటికి వచ్చే చోటు పొడి గుడ్డ మీద స్పష్టంగా కనిపిస్తుంది. బకెట్టుకు మించి పోయకండి, చట్రం ఆ బరువుకు కట్టినది కాదు. అడుగు కర్ర పొడవునా, రెండు కొసల దగ్గరా రెండు మడతల గుడ్డ పట్టీ పెయింటుతో అంటించి మరో పూత వేస్తే ఈడ్పులకు తట్టుకుంటుంది. మడ అడవుల వైపు వెళ్తే వేళ్లకు పట్టిన ఆలుచిప్పలు కత్తుల్లాంటివి. ఆ దారిన వెళ్లేవారు గుడ్డ ముక్కా మంచి టేపూ వెంట ఉంచుకోవాలి.

ఇలాంటి పడవలో గాలి గదులు ఉండవు, తిరగబడితే నిండిపోతుంది. ముందు కొసలోనూ వెనక కొసలోనూ గాలి నింపిన సంచులు దూర్చి కట్టకుండా, లైఫ్ జాకెట్ తొడగకుండా కాలువలోకి కూడా దిగకండి. వాడాక ఉప్పునీరు కడిగి, వెడల్పాటి రెండు పట్టీల మీద నీడలో వేలాడదీయండి. గ్రీన్‌లాండ్‌లో కయాక్‌లను ఎత్తయిన కొయ్యల మీద పెట్టేవారు, కింద పెడితే కుక్కలు తోలు తినేసేవి. మీకు కుక్కల బెడద లేకపోయినా ఎలుకలూ చెదలూ ఉన్నాయి.

బొట్టు పరీక్ష, కొలత పరీక్ష, టేపు పరీక్ష మూడూ చేసి ఫలితం రాయండి. నైలాను అని తేలితే తొడుగు ఏ వైపున మందు పట్టించి ఉన్నదో కూడా రాయండి. పెయింటు డబ్బా మాత్రం అప్పటిదాకా కొనకండి.